మండపం రేవులో వన్నెచేపలు

రామేశ్వరయాత్ర చేసివచ్చిన మన కుటుంబాలవారికి మండపమంటే పాంబన్ వంతెనకు ముందు వచ్చే స్టేషను. కిటికీలోంచి సముద్రం కనబడుతుందేమోనని తొంగిచూస్తాం, అంతే. ఈమారు మేము నలుగురు గుమాస్తాలమూ సంసారాలతో అక్కడే దిగి రెండు రోజులున్నాం.

ఊరు సన్నని నేలపట్టీ. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నారు సింధుశాఖ. దక్షిణపుదాన్ని ఆణ్‌కడల్ అనీ, ఉత్తరపుదాన్ని పెణ్‌కడల్ అనీ అక్కడివారంటారు. ఆ పేర్లు పెట్టినది మగవారే అయివుంటారని మా ఆడవాళ్ల అభిప్రాయం. దక్షిణాన తూత్తుకుడిదాకా 21 చిన్న దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. 1986లో వాటిని జాతీయ సముద్రవనంగా ప్రకటించారు.

దిబ్బల దగ్గర వల చిరిగిపోతుంది గనుక కొందరు బోను దించుతారు. దాన్ని అరవంలో కూడు అంటారు, మన గూడే. మనకు కూడంటే అన్నం. వారికి ఆ కూడే కూడు పెడుతున్నది. చిలకముక్కు చేపకోసం, కలవాకోసం పెట్టిన గూట్లో కోరనివీ పడతాయి. అరచేయంత, పసుపుమీద నల్లచారలు, కూరకు చాలవు. సీతాకోక చేపలంటారు. గాజుతొట్టి పెట్టుకునేవారికి అవే ప్రీతి.

"ఎలాగూ పడినదే కదా, సీసాలో వేసుకుపోతే పాపమేమిటి?" అన్నాడు మాలో ఒకాయన. మాట సబబుగానే వినిపించింది. గాని ఆ జాతిలో చాలా చేపలకు ఆహారం బ్రతికివున్న పగడపు పురుగే. తొట్టిలో ఏ మేత వేసినా ముట్టక చస్తాయి. లోతులేని నీటిలో గూట పడినది ప్రాణంతోనే ఉంటుంది, వదిలితే బ్రతుకుతుంది. బాగా లోతునుంచి గబాలున లాగినదైతే లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా బ్రతకడం కష్టం.

వదలండి అని పడవ ముసలాయనతో అన్నాం. "రేపు మళ్లీ అదే పడుతుంది సార్, దానికి బుద్ధి రాదు" అని నవ్వి నీళ్లలో వేశాడు.

మేము ఆఫీసులో 'ఇతర జమలు' అని ఒక పద్దు రాస్తాం. అణాకానీలుగా ఉన్నంతకాలం ఎవరూ చూడరు. మొత్తం పెరిగితే దానికోసమే ఒక మనిషిని వేస్తారు. పొరపాటున పడిన చేపకు ధర కడితే జరిగేది అదే. గూడు మరునాడు దానికోసమే దిగుతుంది. సముద్రగుర్రం సంగతి చూడండి. రొయ్యలకోసం లాగే వలలో పడేది; ఎండబెట్టి చీనా వైద్యానికి ఎగుమతి చేశారు. 2001లో వన్యప్రాణి రక్షణ చట్టంలో చేర్చారు. చట్టం ఒడ్డున ఉన్నది, రొయ్యలవలకు చదువు రాదు, అది ఇంకా పడుతూనే ఉన్నది.

సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రధాన కార్యాలయం 1949 నుండి 1971లో కొచ్చికి తరలేదాకా మండపంలోనే ఉండేది. ఇప్పటికీ శాఖ ఉన్నది. విదూషక చేపలను తొట్టిలోనే గుడ్లు పెట్టించి పెంచడం అక్కడ సాధించారు. ఈ చేప కాపురం విచిత్రం. పుట్టుకతో అన్నీ మగవే. గుంపులో పెద్దది ఆడది. అది పోతే తరువాతి మగచేప ఆడదవుతుంది. గుడ్లకు కాపలా తండ్రిది. సముద్రంలో ఆ పెద్దదాన్ని పట్టుకుపోతే, మరొకటి ఆ స్థానానికి వచ్చేదాకా ఆ ఇంట గుడ్లు లేవు.

మా పిల్లలు అడిగినది సీతాకోక చేప. మధుర వచ్చాక తొట్టిలో పుట్టిన విదూషక చేపలు రెండు కొన్నాం. ఎక్కడ పుట్టాయో చెప్పలేని దుకాణం రెండు అడుగులు దగ్గరైనా దాటిపోయాం.