తండ్రి తుపాకీకి కొత్త కన్ను

జొన్న కంకి పాలు పోసుకునే వేళ జైనూర్ చుట్టుపక్కల చేలల్లో నిద్ర తక్కువ. మంచె మీది నుంచి కేకలు, డబ్బా చప్పుళ్లు, టపాసులు... అయినా తెల్లారేసరికి అడవి పందులు తొక్కిన జాగా కళ్లమంత కనిపిస్తుంది.

ఆ ఊరి పటేల్ ఒకాయన దగ్గర రైఫిల్ ఉంది. తండ్రి నుంచి వచ్చింది. ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన పాయింట్ 315 బోల్టు తుపాకీ. దాని పుట్టుకే చిత్రం. ఒడలు బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్‌ది. సైన్యం తూటా పాయింట్ 303 జనం చేతికి చిక్కకూడదని తెల్లదొరల పట్టుదల. అందుకని ఆస్ట్రియా వాళ్ల పాత 8 మిల్లీమీటర్ల తూటాకు సరిపడే గొట్టం బిగించారు.

వేటకు 1991లోనే పూర్తిగా తలుపులు మూశారు. పంట పాడుచేసే పందిని కొట్టాలన్నా వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఉండాలి. పటేల్‌కు అనుమతి అడపాదడపా వస్తోంది. రానిది చూపే!

అరవై దాటాక చత్వారం ముదిరింది. వెనక గాడి, గొట్టం కొసన గురి మొన, దూరాన పంది... మూడూ ఒకే గీతలో కనపడాలి. ఆయనకు గాడి అలుక్కుపోతోంది. కిందటి ఏడు తూటా కిందికి తగిలి పంది అడవిలోకి పారిపోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. గాయంతో పొదలో పడున్న పంది కట్టెలకు వెళ్లేవాళ్ల మీదికి దూకితే? ఆ బెంగతోనే స్కోపు కొన్నారాయన.

హైదరాబాద్‌లో లైసెన్సున్న దుకాణం మిస్త్రీ తుపాకీని అటూ ఇటూ తిప్పాడు. స్కోపు నిలవాలంటే ఉక్కులో రంధ్రాలు వేసి మరలు తిప్పాలి.

‘‘పటేల్ సాబ్, రంధ్రం పెడితే మళ్ల పూడది. పాత సరుకు ధర పడిపోతది.’’

‘‘అమ్మేదుంటే గదా ధర!’’

రంధ్రం గొట్టానికి వెంట్రుకవాసి వంకరపోయినా బిగించిన స్కోపు ఎటో చూస్తుంది. మరలకు నూనె మరక లేకుండా తుడవాలి. కంటికీ అద్దానికీ మధ్య మూడంగుళాలైనా వదలాలి. లేదంటే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చిట్లుతుంది.

తర్వాతిది ఓపిక పని. బోల్టు తీసి, గొట్టంలోంచి దూరపు చుక్కను చూస్తూ స్కోపు గీతల్ని దానిమీదికి తెచ్చారు. రేంజిలో మొదట 25 గజాల్లో కాల్చారు. తూటా రెండంగుళాలు ఎడమకు పడింది. ఒక్కో క్లిక్కుకు వంద గజాల్లో పావు అంగుళం జరిగే స్కోపది. పాతిక గజాల్లో అంగుళానికి 16 క్లిక్కులు. పటేల్ వేళ్లమీద లెక్కేసి 32 తిప్పారు. వంద గజాల కాగితం మీద మూడు తూటాలూ అరచేయంత జాగాలోనే పడ్డాయి.

ఎన్నికలొచ్చాయి. ఎప్పటిలాగే తుపాకీ పోలీస్ స్టేషన్‌లో జమ అయింది. ఎన్నికలయ్యాక ఇంటికి తెచ్చుకుంటుంటే జీపు గుంతలో ఎగిరిపడింది. పటేల్‌కు మనసు ఆగలేదు. గొట్టంలో చింతమొద్దు మీది సున్నపు చుక్క నడుమ కనిపించేటప్పుడు స్కోపు గీత ఎక్కడుండాలో ముందే చీటీ మీద గీసి పెట్టుకున్నారు. బోల్టు తీసి చూస్తే గీత రెండు వేళ్లు పక్కకు జరిగి ఉంది. అనుమతి కాగితం అప్పటికే జేబులో ఉంది. అయినా ఆ రాత్రి మంచె మీదికి ఆయన టార్చి, రేకు డబ్బా మాత్రమే తీసుకెళ్లారు.