లైటు పట్టినోడు

మా నాయన ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఓటరు కార్డు మీద ఉన్నది ఒక నల్లటి మచ్చ. అది మా నాయనంటే మా అమ్మే ఒప్పుకోదు. ఉన్నదల్లా ఒక పెండ్లి క్యాసెట్టులో 11 సెకన్ల ముక్క. అందులో కూడా మొగం లేదు. చేతులున్నాయి. పలక మీద ఆడే రెండు చేతులు. మొగం లేకుండా చేసినవాడు పరాయివాడయితే నేనిది రాయకపోదును. నాలుగు తిట్లు తిట్టి ఊరుకుందును. చేసినవాణ్ని నేనే.

మాది జమ్మలమడుగు దగ్గర పెన్నేటి ఒడ్డు పల్లె. ఊరికి ఎడంగా మాదిగపల్లె. మా నాయన పలక కొట్టేవాడు. వేరేచోట్ల డప్పంటారు, తప్పెటంటారు. మా ఇండ్లల్లో పలకే. చెక్క చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచితే గాని అది మాట్లాడదు. కుడిచేతిలో సిర్ర, ఎడంచేతిలో సిటికెన పుల్ల. ఊర్లో పెండ్లయితే మా నాయన కావాల. చావయితే మా నాయన కావాల. పీర్ల పండక్కి గుండం చుట్టూ జనం ఎగరాలంటే మా నాయన కావాల. బువ్వకాడ మాత్రం మా నాయన అక్కర్లేదు. అందరూ తిని లేచినాక ఎడంగా కూర్చోవాల. లేదంటే గుడ్డలో మూట కట్టుకొని ఇంటికి రావాల. ఆ మూట కోసం మేం నిద్ర మేల్కొని కాచుకొనుండేవాళ్లం. అది కూడా నిజమే. దాచిపెట్టుకునేదేముంది?

ఊర్లో పంచాయితీ టీవీ ఒకటుండేది. శుక్రవారం చిత్రలహరి. ఊరి పిల్లోళ్లు లోపల, మేం కిటికీ బయట. కిటికీ చువ్వల మధ్యనుంచి నేను పాటలు చూడడం నేర్చుకున్నా. 'దొంగ' సినిమాలో శ్మశానంలో చిరంజీవి ఎగిరే పాట అట్లా చూసిందే. ఆ ఎగురుడు, సమాధుల్లోంచి లేచే దయ్యాలు అమెరికాలో మైకేల్ జాక్సన్ 1983లో చేసిన 'థ్రిల్లర్' చూసి తీసినవని నాకప్పుడు తెలీదు. ఎక్కడో ఒక నల్లవాడు ఎగిరిన ఎగురుడు సముద్రాలు దాటి మా పంచాయితీ ఆఫీసులోకి దర్జాగా వచ్చింది. కిటికీ బయటున్న నాకే లోపలికి దోవ లేదు.

ఇంటర్ తప్పి 1993లో ప్రొద్దుటూరు చేరినా. బంగారం అంగళ్లు, బట్టల అంగళ్ల ఊరు. పెండ్లి సరుకంటే చుట్టుపక్కల ఊర్లన్నీ అక్కడికే రావాల. అట్లాంటి ఊర్లో వీడియో షాపులకు గిరాకీ. ఒక షాపులో పనడిగినా.

"మీరేమిట్లోళ్లప్పా?" అన్నాడు ఓనరు.

"క్రిస్టియన్లం సార్. జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో పుట్టినా" అన్నా.

ఆయన నవ్వినాడు. "సరే, తెలిసిందిలే" అన్నాడు. ఇంక ఎప్పుడూ అడగలేదు. నీళ్ల కుండకాడ నాకు వేరే గ్లాసు పెట్టినాడు.

నా పని లైటు పట్టడం. వెయ్యి వాట్ల హాలోజన్ బల్బు, వెనక పొడుగాటి వైరు. కెమెరా ఎటు తిరిగితే అటు లైటు తిరగాల. చెయ్యి కాలుతుంది, కండ్లు మండుతాయి, కదలకూడదు. పెండ్లి మొత్తం నా వెలుతురులోనే జరుగుతుంది. ఏ క్యాసెట్టులోనూ నేనుండను.

ఓనరు చెడ్డవాడేం కాదు. పని నేర్పినాడు. పని లేని దినాల్లో సినిమా క్యాసెట్టు వేసి, పాట రాగానే సౌండు తీసేసేవాడు. "ఇప్పుడు చూడు. మాట లేకుండా పెద్దోడెవడో చెప్పు" అనేవాడు. చెప్పేవాణ్ని. ఎప్పుడూ తప్పలేదు. కెమెరా కిందనుంచి పైకి చూస్తే వాడు పెద్దోడు. పైనుంచి కిందికి చూస్తే దిక్కులేనోడు. ఎవని మొగం తెరనిండా నిలబడితే వానికి మనసుంది, బాధుంది, కథుంది. ఎవరిని గుంపుగా చూపించి దాటిపోతే వాళ్లకు ఏమీ లేనట్టే. పాటలో కులం పేరు ఒక్కటీ వినపడదు. అయినా చిన్నపిల్లోనికి కూడా ఎవరేందో తెలిసిపోతుంది. బొమ్మ చెప్తుంది.

అట్లా చూస్తా చూస్తా మా పలకల సంగతి కూడా కనిపెట్టినా. సినిమాలో పలకలొచ్చే పాటలు మూడు రకాలు. చావు పాట, జాతర పాట, హీరో వచ్చే పాట. మూడింట్లోనూ పలకలోళ్లు ఒకే తీరు. నల్లంగుండాల, ఒంటిమీద గుడ్డ ఉండకూడదు, తలకు గుడ్డ చుట్టాల, అరచుట్టుగా నిలబడాల. కెమెరా వాళ్ల మీద జారిపోతుంది. ఆగేది మధ్యలో ఉన్నవాని మీద. వాని చెప్పుల కాడ మొదలుపెట్టి మీసాల దాకా నిదానంగా ఎక్కుతుంది. వాడు ఒకని చేతిలోని పలక లాక్కుంటాడు. నాలుగు దెబ్బలు కొడతాడు. తిరిగి ఇసిరేస్తాడు. హాల్లో ఈలలు. నాలుగు దెబ్బలు కొట్టినోనికి మొనగాడని పేరు. పుట్టిందాదిగా కొట్టినోనికి మాదిగోడని పేరు.

పెండ్లి క్యాసెట్టుకు కూడా ఈ శాస్త్రమే. ముందు వినాయకుడు, తర్వాత పువ్వులో తిరిగే పెండ్లికొడుకు పెండ్లికూతుర్ల పేర్లు. తర్వాత మేడ. గేటు నుంచి మేడ మీది దాకా కెమెరా ఎక్కాల. పెద్దమనుషులు కారు దిగితే లైటు పడాల. వంటోళ్లు, చాకలోళ్లు, మంగలోళ్లు పని చేస్తాంటే వాళ్ల చేతులు కావాల, మొగాలొద్దు. అంతా అయినాక అసలు సౌండు తీసేసి పైన సినిమా పాట వేయాల. పెండ్లి సినిమా మాదిరి ఉంటేనే డబ్బులు.

1995లో పులివెందులలో ఒక పెద్దింటి పెండ్లికి పోయినాం. రాత్రి మెరవణి. పలకలోళ్లను చుట్టుపక్కల ఊర్ల నుంచి పిలిపించినారు. ఇరవై మంది దాకా ఉంటారు. మంట వేసి పలకలు కాస్తాండారు. జనరేటరు మొదలైంది. నేను లైటు ఎత్తినా. వెలుతురు పోయి మా నాయన మొగం మీద పడింది.

ఆయన వస్తాడని నాకు తెలీదు. నేను వస్తానని ఆయనకూ తెలీదు. కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసినాడు. లైటు వెనకాలున్నది నేనని ఆనమాలు పట్టినాడు. నవ్వినాడు. ఆ నవ్వు నేనింకా మర్చిపోలేదు. అందరి కంటే ముందుకొచ్చి, వంగి, నాకెదురుగా నిలబడి కొట్టడం మొదలుపెట్టినాడు. మా నాయన అట్లా కొట్టడం నేను చావులకాడ చూడలేదు, జాతర్లలో చూడలేదు. కొడుకు పట్టిన వెలుతురులో కొడతాండాడు.

"లైటు పెండ్లికొడుకు మీదికి తిప్పరా. వాళ్లెందుకు?" అన్నాడు ఓనరు.

తిప్పినా.

ఒక్క క్షణం కూడా ఆగలేదు. 'ఆయన మా నాయన సార్' అనలేదు. అంటే ఏమవుతుందో తెలుసు. క్రిస్టియన్ అని చెప్పుకున్నది ఒక గ్లాసుతో పోయింది. పలకలోని కొడుకని తెలిస్తే పెద్దోళ్ల ఇండ్లల్లోకి, పెండ్లికూతురు గది దాకా లైటు పట్టుకొని పోనిస్తారా? అదంతా అప్పుడు ఆలోచించినానా అంటే లేదు. చెయ్యి దానంతటదే తిరిగింది. మా నాయన చీకట్లో పడినాడు. పలక మాత్రం ఆపలేదు.

తర్వాత షాపులో మిక్సింగు. ఓనరు మెరవణి ముక్క చూస్తా, "ఈ చేతులు బాగుండాయిరా, పెట్టు. మొగం రాకముందే కట్ చెయ్" అన్నాడు. బటను నొక్కింది నేను. పైన ఒక సినిమా పాట వేసినాం. మద్రాసులోనో హైదరాబాదులోనో స్టూడియోలో ఎవరో వాయించిన దరువు మా నాయన చేతులకు అతికింది. చేతులు ఆయనవి, చప్పుడు ఇంకొకరిది. పెండ్లోళ్లకు శానా నచ్చింది. నేను దొంగతనంగా ఒక కాపీ తీసుకున్నా.

పండక్కి ఇంటికి పోతే మా నాయన సంగటి తింటా అడిగినాడు.

"ఆ పొద్దు లైటు ఎందుకు తిప్పుకుంటివిరా?"

"ఓనరు చెప్పినాడు నాయనా."

"వానికి తెలీదు నేను నీ నాయనని. నీకు తెలుసు గదా."

అంతే. మళ్లా ఎప్పుడూ అడగలేదు. 2006లో పోయేదాకా అడగలేదు.

సినిమా అంటే వినోదమే గదా, ఇంత ఎందుకు లాగుతావు అనేవాళ్లున్నారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపినారు. ఆ గొడవకు మొదలు ఒక సినిమా హాలు. చదువుకున్న దళిత పిల్లోని కాలు ముందు వరసలో ఉన్న పెద్దకులమోనికి తగిలింది. తెర ముందర ఎవరెక్కడ కూర్చోవాల, కాలు ఎంత దూరం చాపుకోవాల అనేది ప్రాణాల మీదికొచ్చిన దేశంలో, తెరమీద ఎవరు ఎక్కడ నిలబడతారనేది వినోదమెట్లవుతుంది?

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది. మావాళ్లు పేరు వెనక మాదిగ అని పెట్టుకొని, పలక భుజానేసుకొని రోడ్డెక్కినారు. పెద్దోళ్ల చావుల ముందర నడిచిన పలక మా కోసం మా ముందర నడిచింది. నేను పులివెందులలో లైటు తిప్పింది దాని మరుసటి ఏడే. ఉద్యమం ఊర్లోకొచ్చింది గాని నా చేతిలోకి ఇంకా రాలేదు.

ఆ తర్వాత మా సీమనే సినిమా పట్టుకుంది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. ఎర్రమట్టి, ఎగిరే సుమోలు, తెల్లబట్టలు, వేటకొడవండ్లు. మా ప్రొద్దుటూరు హాళ్లలో మావాళ్లే కాగితాలు చల్లినారు. ఫ్యాక్షన్లలో నాయకుని ముందు నడిచి బాంబులకు ఎదురుపోయినోళ్లలో మా పల్లెలోళ్లు కూడా ఉండారు. పాటలో ఏడుపు నాయకునికి, మొగం నాయకునికి. మావాడు దుమ్ములో పడి మాయమవుతాడు. ఆ సినిమాలు వచ్చినాక పెండ్లోళ్లు మమ్మల్ని అడిగింది కూడా అదే. "మా మామ కారు దిగేది సమరసింహారెడ్డి మాదిరి రావాలప్పా." తీసిచ్చినాం.

వేరే తీరుగా తీయలేరా? తీసినారు. గౌతమ్ ఘోష్ 1979లో తీసిన 'మా భూమి'లో గద్దర్ గొంగడి భుజానేసుకొని పాడతాడు. గొంతు ఎవనిదో మొగమూ వానిదే. ఇంకొకటి నేను శానా ఆలస్యంగా చూసినా. మైకేల్ జాక్సన్ 1996లో స్పైక్ లీ చేత తీయించిన 'దే డోంట్ కేర్ అబౌట్ అస్'. బ్రెజిల్ దేశంలో బహియా అనే చోట నల్లోళ్ల డప్పు బృందం ఒకటుంది, ఓలోడమ్ అని. వాళ్ల వీధిలోకే పోయినాడు. వాళ్ల డప్పు లాక్కోలేదు. వాళ్ల బృందం పేరున్న బనీను తాను తొడుక్కున్నాడు. వాళ్ల చప్పుడు వినపడుతుంది, వాళ్ల మొగాలు కనపడతాయి. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత పెద్దోడు డప్పోళ్ల దగ్గరికి పోయి వాళ్ల గుడ్డ వేసుకున్నాడే, నేను కన్నతండ్రి మీద వెలుతురు నిలపలేకపోతినే అని.

ఇప్పుడన్నీ మారిపోయినాయా? 2021లో తమిళంలో అరివు, ధీ కలిసి 'ఎంజాయ్ ఎంజామి' చేసినారు. భూమిలేనోళ్ల పాట, వాళ్ల అవ్వల పాట. దేశమంతా ఎగిరింది. ఆ ఏడే ఒక పత్రిక అట్టమీద ధీ బొమ్మ వచ్చింది, పాట రాసిన అరివు బొమ్మ రాలేదు. డైరెక్టరు పా. రంజిత్ ఇదేందని బహిరంగంగా అడిగినాడు. ఆ సంగతి చదివి నేను ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి నేను చూసుకున్నా.

ఇప్పుడు జమ్మలమడుగులో నాకొక చిన్న స్టూడియో ఉంది. డ్రోను కూడా ఉంది. పెండ్లికి ముందే జంటను గండికోటకు తీసుకపోయి పాట తీస్తాం. మెరవణిలో మాత్రం నేనొక నియమం పెట్టుకున్నా. పలకలోళ్ల మొగాలు తీయాల. కొంతసేపన్నా వాళ్ల చప్పుడు వాళ్లదే ఉండాల. కొందరు ఫోన్ చేసి, "ఆ పలకలోళ్ల ముక్క తీసేయప్పా, పాట ఎయ్" అంటారు. పోట్లాడతా. కొన్నిసార్లు నా మాట గెలుస్తుంది. కొన్నిసార్లు తీసేస్తా, పిల్లల ఫీజులు కట్టాల గదా. తీసేసిన ముక్కలు పారేయను. అన్నీ ఒక డిస్కులో దాచిపెట్టినా. ఆ ఊరు, ఆ తేదీ, కొట్టినోళ్ల పేర్లు రాసి పెట్టినా.

మొన్న మా పాత క్యాసెట్టుకు బూజు పట్టిందని తుడిపించి కంప్యూటరులోకి ఎక్కించినా. మా చిన్నాయన వచ్చుండాడు. ఆయనా పలక కొట్టినోడే, ఇప్పుడు చేతులు వణుకుతాయి. ఆ 11 సెకన్లు చూపించినా. సినిమా పాట వినపడతాంటే ఆయనకేమీ తెలియలేదు. ఓనరు నేర్పిన పని గుర్తొచ్చి సౌండు తీసేసినా. మళ్లా చూపించినా.

చిన్నాయన తెర దగ్గరికి జరిగినాడు. "మా అన్న" అన్నాడు. "ఎట్లా తెలిసింది చిన్నాయనా, మొగం లేదు గదా?" అంటే, "సిటికెన పుల్ల రవంత ఆలస్యంగా ఏస్తాడు చూడు. అట్లా ఇంకెవరూ ఎయ్యరు" అన్నాడు. ఆ చేతులు చూస్తా చూస్తా తన తొడమీద ఆ దరువే కొట్టినాడు. మెరవణి దరువు. 1995లో నేను తుడిచేసిన చప్పుడు.

ఈసారి లైటూ కెమెరా రెండూ నా చేతిలోనే ఉండాయి. ముందు చిన్నాయన మొగం తీసినా. తర్వాత చేతులు.