తీగ పొడవు

నెలవెచ్చముల చిట్టా వ్రాయు సోదరీమణులు పాలకెంత, బియ్యమునకెంత యని చూచుకొనునట్లే అంతర్జాలమునకెంత యనియు నిప్పుడు వ్రాయవలసి వచ్చినది. పాలు కొలిపించుకొందుము, బియ్యము తూపించుకొందుము. తీగవెంట వచ్చు సరకును మాత్రము అమ్మువారి మాటపైననే కొనుచున్నాము. దానిని గూడ ఇంటనుండి కొంతవఱకు కొలువవచ్చును.

2020లో బడులు మూతపడినప్పుడు మా యింటివారు ఇంటినుండియే పాఠములు చెప్పవలసివచ్చెను. అదే వేళకు మా అమ్మాయికిని తరగతి. మాది టెలిఫోను రాగితీగపై వచ్చు బ్రాడ్‌బ్యాండు. పద్యము సగములో నుండగానే మాట తెగిపోవును. పిల్లలు "మాష్టారూ, వినబడలేదండీ" యందురు. కార్యాలయము వారి నడుగగా, మాకున్న 8 మెగాబిట్ల పథకము మాని 16 మెగాబిట్లది తీసికొనుడనిరి. నెలకు మఱి నాలుగువందలు! బడిపంతులుగారి సంసారములో అది వారము దినముల కూరలు. ఆ వేగమును మా తీగ మోయగలదా యని ముందు విచారించితిమి.

రాగితీగకు ఎక్స్ఛేంజి దూరమే ముఖ్యము. పొడవు పెరిగినకొలది సంకేతము క్షీణించును. ఏ.డి.ఎస్.ఎల్.2 ప్లస్ అను పద్ధతిలో కిలోమీటరు లోపల 20 మెగాబిట్లకు పైగా రావచ్చును. 3 కిలోమీటర్లకు 8 ప్రాంతమునకు దిగును. 5 దాటిన ఒకటి రెండు మిగులుటయే గొప్ప. అయితే ఈ దూరము తీగ నడచిన దూరము గాని పటముపై గీచిన గీత కాదు. మా మేడ యెక్కిన ఎక్స్ఛేంజి కనబడును, కిలోమీటరైన లేదు. కాని నడుమ కాలువ యున్నది. తీగ గట్టువెంట వంతెన దాక పోయి, దాటి, ఆవలి గట్టున వెనుకకు వచ్చును. లైనుమాను చెప్పిన ఆ దారిని ఫోనులోని పటముపై కొలువగా 3.1 కిలోమీటర్లు తేలినది.

ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టును చూచినంతనే ఆకులును కాయలును లెక్క చెప్పెననియు, నలుడు చెట్టు కూల్చి సరిచూచెననియు భారతమున చదివియుంటిమి. మాకును సరిచూచుకొనవలెననిపించినది. మోడెము తన సంగతులు చూపు పుటలో 'లైన్ ఎటెన్యుయేషన్' అను పంక్తి యొకటి యుండును. దిగుమతి వైపు అంకెను 14 చేత భాగింపవలెను. అర మిల్లీమీటరు తీగకు కిలోమీటరొక్కింటికి నష్టము సుమారు 14 డెసిబెల్లులు. మాకు 49 వచ్చినది, అనగా 3.5 కిలోమీటర్లు. సన్నతీగ కొంత కలిసినను, అతుకులు పాతవైనను లెక్క ఇట్లు కొంచెము హెచ్చును.

రెండు లెక్కలు ఇంత దగ్గరగా నున్నచో దోషము దూరమునదే. ఫిర్యాదు వలన ఫలము లేదు. దారి కిలోమీటరే యుండి మోడెము నాలుగని చెప్పినచో ఎక్కడనో అతుకు చెడినదని యనుమానింపవలెను. వానకాలమున ఫోనులో గరగర వినబడిన మఱియు అనుమానింపవలెను. అట్టివారు ఆ రెండంకెలును కాగితముపై వ్రాసి చూపి గట్టిగా నడుగుడు.

మా తీగ మోయునది ఆఱు మెగాబిట్లు. ఉన్న 8కే చాలనిది 16 నెట్లు తెచ్చును? అంతకన్న ముఖ్యము, పాఠము చెప్పువారికి కావలసినది రాక గాదు, పోక. ఈ పద్ధతిలో పంపు వేగము ఏ పథకమునకైనను ఇంచుమించు ఒక్క మెగాబిట్టే. ఈ మాట కార్యాలయమున నెవ్వరును చెప్పలేదు! నాలుగువందలు మిగిలినవి. వారు చెప్పు గంటలో అమ్మాయి తన బొమ్మ ఆపి వినుటకు మాత్రము ఒప్పుకొన్నది. కొంత గొణిగినది లెండి.

2022లో మా వీధికి గాజుతీగ వచ్చినది. దానికి నాలుగైదు కిలోమీటర్లొక లెక్క గాదు. మీ యింటిది ఏదో తెలియనిచో మోడెము వెనుక చూడుడు. టెలిఫోనుకు వలె చిన్న క్లిప్పుతో దిగిన తీగ యైన రాగిది. ఆకుపచ్చనిదో నీలిదో కొస గలిగిన సన్నని తీగ యైన గాజుది. దానిని మాత్రము మడత పెట్టి మేకునకు చుట్టకుడు, లోపల విఱుగును.