మనకీ ఓ క్లబ్బుండేది

మాంచెస్టర్ యునైటెడ్ అంటే డబ్బులో మునిగి తేలే క్లబ్బని అందరికీ తెలుసు. అది రైలు పెట్టెలు తయారుచేసే షెడ్డు పనివాళ్ళు 1878లో పెట్టుకున్న టీమని మాత్రం మావాడు చెప్పేదాకా నాకు తెలీదు. న్యూటన్ హీత్ అనే పేటలో పుట్టింది కాబట్టి అప్పటి పేరూ అదే. అప్పులు పెరిగి మూతపడబోతుంటే బీరు తయారుచేసే ఆసామి ఒకాయన డబ్బు పెట్టి నిలబెట్టాడు. 1902లో ఇప్పటి పేరొచ్చింది. ఆర్సెనల్ సంగతీ ఇలాంటిదే. లండన్ పక్కన వూలిచ్‌లో ఫిరంగులు, మందుగుండు చేసే కార్ఖానా కార్మికులు 1886లో మొదలెట్టారు.

ఉయ్యూరువాళ్ళకి ఇది బోధపడ్డం కష్టమేం కాదు. మా ఊరికి చక్కెర ఫ్యాక్టరీయే గడియారం. సీజనొచ్చిందంటే బందరు రోడ్డంతా చెరకు ట్రాక్టర్లు, గాలంతా మడ్డి వాసన. పెళ్ళి సంబంధాల దగ్గర్నుంచి కిరాణా కొట్టు బాకీల దాకా అన్నీ దానిచుట్టూనే తిరిగేవి.

"మనదీ ఫ్యాక్టరీ ఊరే కదా నాన్నా, మనకెందుకు లేదు క్లబ్బు?" అన్నాడు మావాడు. వాడి ఒంటిమీద వీరమ్మతల్లి తిరునాళ్ళలో కొన్న ఎర్ర చొక్కా ఉంది.

"మన ఊళ్ళో లేదుగానీ మన రాష్ట్రంలో ఉండేదిరా. పోలీసోళ్ళది" అన్నాను. నవ్వాడు. పోలీసులకీ ఫుట్‌బాల్‌కీ ఏంటి సంబంధం అని వాడి అనుమానం.

నాకా సంబంధం తెలిసింది మా పెదనాన్న వల్ల. రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాదులో కానిస్టేబులుగా చేరాడాయన. సెలవుల్లో ఊరికొస్తే అరుగుమీద కూర్చుని చెప్పే కబుర్లలో దొంగలకంటే ఫుట్‌బాలే ఎక్కువ. రహీం సాబ్ పేరెత్తినప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు, గుళ్ళో మాట్లాడినట్టు. మేం వినేవాళ్ళం కాదు. మాకు క్రికెట్ కామెంటరీ కావాలి, రేడియో ఆయన పక్కనుండేది.

ఆయన చెప్పినవి కోతలనుకున్నాను. తర్వాత పుస్తకాల్లో, పేపర్లలో చూస్తే అన్నీ నిజాలే. 1888లో సిమ్లాలో తెల్లదొరలు మొదలెట్టిన డ్యూరాండ్ కప్పుంది చూశారూ, ప్రపంచంలోని పాత టోర్నమెంట్లలో ఒకటది. దాన్ని 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు టీము మోహన్ బగాన్‌ని ఓడించి ఎత్తుకొచ్చింది. మోహన్ బగాన్ అంటే 1889 నాటి క్లబ్బు, కలకత్తా వాళ్ళ ప్రాణం. ఇక బొంబాయి రోవర్స్ కప్పయితే 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు మనదే. 1954లో, 1957లో మళ్ళీ డ్యూరాండ్. 1961లో ఇంకోసారి. అప్పటికి కప్పుమీద చెక్కే పేరు ఆంధ్రా పోలీసయింది.

ఈ టీముకి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణ చూస్తే పంతులుతనమే కనిపిస్తుంది. కుర్రాళ్ళకి కుడికాలు వాటం ఉంటే ఎడంకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు. బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని సాగదీయకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి అని ఇంకో రకం పోటీ. ఎక్కాలు రాని పిల్లాడితో ఎక్కాలే చదివించినట్టన్నమాట.

తులసీదాస్ బలరాం సికిందరాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింటి పిల్లాడు. ప్రాక్టీసుకి రావడానికి దూరం, చేతిలో డబ్బుల్లేవు. అద్దె సైకిలు తీసుకోమని రహీం రోజుకో రూపాయి ఇచ్చేవాడని చెప్పుకుంటారు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. అంతకు నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మెల్‌బోర్న్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ కూడా మన హైదరాబాదీలే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చినప్పుడు రహీం ఒంట్లో క్యాన్సరుంది. మరుసటేడు జూన్‌లో పోయాడు. 'మైదాన్' అని 2024లో హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవగణ్ వేశాడు. మావాడు మొబైల్లో చూసి, "తాతయ్య చెప్పింది ఈయన గురించేనా?" అని అడిగాడు. అప్పటికి పెదనాన్న లేడు.

రహీం పోవడంతోనే అంతా పోయిందంటారు. నాకలా అనిపించదు. అదే ఏడు రోవర్స్ కప్పు ఆంధ్రా పోలీసే గెలిచింది. 1966 ప్రాంతంలో మన రాష్ట్రం సంతోష్ ట్రోఫీ కూడా కొట్టింది. ఆటగాళ్ళకీ కొదవలేదు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్ అందరూ ఇక్కడివాళ్ళే, కాకపోతే కలకత్తా వెళ్ళిపోయారు. బలరాం అంతకు ముందే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. అక్కడ డబ్బూ ఉంది, స్టేడియం నిండా జనమూ ఉన్నారు. మన టీము ఒక శాఖది. శ్రద్ధ ఉన్న పెద్దాఫీసరు ఉన్నన్నాళ్ళు ఉద్యోగాలిచ్చి కుర్రాళ్ళని నిలుపుకుంటుంది. ఆయన బదిలీ అయ్యాడా, ఫైలు కింది అరలోకి పోతుంది. చూసి చప్పట్లు కొట్టిన జనానికి అందులో హక్కేం లేదు. మా పెదనాన్నకీ లేదు, అదే శాఖలో జీతం తీసుకున్నా.

డబ్బున్న యజమాని వస్తే బాగుపడేదేమో అందామా? 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022లో గోవాలో కేరళ జట్టుని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. ఆ రాత్రి మావాడు నిద్రపోలేదు. తర్వాత జీతాల గొడవలు, చేతులు మారడం. 2025లో క్లబ్బు ఢిల్లీకి పోయింది, పేరు కూడా మార్చుకుంది.

లండన్‌లో వింబుల్డన్ క్లబ్బుకీ ఇదే గతి పట్టింది. దాన్ని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలిస్తామన్నారు. అక్కడి అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు. 2002లో సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకుని బాగా కింది స్థాయి లీగు నుంచి మొదలెట్టారు. 2016కల్లా వీళ్ళూ, ఆ తరలిపోయిన క్లబ్బూ ఒకే లీగులో ఆడారు.

ఈ వింబుల్డన్ కథ చెప్పిందీ మావాడే. చెప్పి ఊరుకోలేదు. వాడూ ఇంకో పదముగ్గురూ మా ఊరి చివర బీడు పొలంలో ఆడుకుంటున్నారు. చెరకు కొట్టేసిన నేల, మోళ్ళు తీసి చదును చేసుకున్నారు. మొన్న సంక్రాంతికి ఆ పక్కన ప్లాట్ల రాళ్ళు పాతారు. ఇంకో సీజనుకి ఇటూ వస్తాయి. వేరే చోటు కౌలుకి తీసుకోవాలని తలా యాభై రూపాయలు నెలనెలా కట్టేటట్టు ఒక చందా పుస్తకం పెట్టారు. ఎవరు యాభై కడితే వాళ్ళకి ఒక ఓటు. పెద్దవాళ్ళూ చేరొచ్చట, నా పేరు ఇరవై ఒకటో నంబరు. గ్రౌండు ఎక్కడన్నదానికి మొన్న ఓట్లు వేశాం, నేను వేసిన వైపు ఓడిపోయింది. చొక్కా రంగు ఇంకా తేలలేదు. మావాడు ఎరుపంటాడు, మిగతావాళ్ళు పచ్చ అంటున్నారు.