గేరు దీపం వెలిగితే ముందు ఎర్తు వైరు చూడండి

ఈ రోజు వరి గురించీ కాదు, జీడితోట గురించీ కాదు. కారు గేరుబాక్సు గురించి. క్లచ్ లేని సెకండ్ హ్యాండ్ కార్లు మన పల్లెల్లోకి బాగా వస్తున్నాయి, మీలో ఎవరికైనా పనికొస్తుంది. కాస్త పొడుగు పోస్టు, ఓపిక చేసుకోండి.

మాది పరవాడ పక్క పల్లె, రెండెకరాల రైతుని. మా అమ్మకి వారానికి రెండుసార్లు విశాఖలో డయాలసిస్. వెళ్లేటప్పుడు బాగానే కూర్చుంటుంది గానీ వచ్చేటప్పుడు ఒళ్లు తేలిపోయి ఉంటుంది, బస్సులో నిలబెట్టి తేలేం కదా. అందుకే 2016 మోడల్ చిన్న కారు ఒకటి తీసుకున్నాం, ఏఎంటీ. నేను పొలంలో ఉంటే మా కోడలు తీసుకెళ్లాలి, ఆ అమ్మాయికి క్లచ్ బండి భయం.

మొన్న జూలైలో మొదలైంది. గేరు మారినప్పుడల్లా కాడి కింద ఎద్దు మెడ విదిల్చినట్టు ఒక కుదుపు. తరవాత మీటర్లో గేరు చక్రం బొమ్మ పసుపు దీపం. ఆపి మళ్లీ తాళం తిప్పితే పోయేది. ఒక సాయంత్రం గాజువాక దాటుతుంటే అదే న్యూట్రల్లోకి పడిపోయింది. యాక్సిలేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది, బండి కదలదు. వెనకాల ఇనుప చువ్వల లోడుతో ట్రైలరు, హారను మీద హారను. అమ్మ వెనక సీట్లో పడుకుని ఉంది. కోడలు ఫోన్ చేసి ఏడుస్తోంది. నలుగురు పక్కకి తోసి పెట్టారు, వాళ్లకి దండం.

మర్నాడు ఒక సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లాను. అరగంటలో తేల్చేశారు. యాక్చువేటరు మొత్తం మార్చాలి, 58 వేలు. ఎందుకండీ అంటే కంప్యూటర్ చెప్పిందన్నారు. 58 వేలంటే మా ఇంట్లో ఒక కారు డబ్బు మొత్తం. ఆ కంప్యూటర్ ఏం చెప్పిందో నాకూ కాగితం మీద ఇవ్వండి అని కూర్చున్నాను. ఇచ్చారు. రెండు కోడ్‌లు: పీ0700, పీ0562.

మొదటిది ఏ రోగమూ చెప్పదు. "గేరుబాక్సు కంప్యూటర్‌లో ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్లి దాన్ని అడుగు" అని ఇంజను కంప్యూటర్ చెప్పడం, అంతే. ఆన్‌లైన్లో దొరికే చవక బ్లూటూత్ పరికరాలు చాలావాటికి ఇక్కడే ఆగిపోతుంది, గేరుబాక్సు లోపలి కోడ్‌లు అవి చదవలేవు. రెండోది మాత్రం అచ్చంగా చెప్తోంది: బండిలో ఓల్టేజీ తగ్గింది అని. ఆ కాగితం పట్టుకుని 58 వేలు ఎలా అడిగారో నాకైతే అర్థం కాలేదు.

ఏఎంటీ అంటే ఏటో ముందు చెప్పాలి. మన దేశంలో చవక కార్లలో ఇది 2014లో మారుతి సెలెరియోతో వచ్చింది. లోపల ఉండేది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పని ఒక యంత్రం చేస్తుంది. చాలా కార్లలో అది కరెంటు మోటారుతో తిరిగే చిన్న నూనె పంపు. తాళం తిప్పగానే, కొన్నిట్లో డోరు తీయగానే, జుయ్‌మని వినిపించేది అదే. ప్రెషరు కట్టి ఉంచుతుంది, కంప్యూటర్ చెప్పగానే ఆ ప్రెషరే క్లచ్ వదిలి గేరు మారుస్తుంది. కరెంటు సరిగ్గా అందకపోతే పంపు నీరసపడుతుంది, క్లచ్ సగమే విడుస్తుంది. మన బోరు మోటారు లో ఓల్టేజీలో మూలిగినట్టే. కుదుపు అక్కడ పుడుతుంది. కంప్యూటరుకి అనుమానం వస్తే న్యూట్రల్లో పెట్టేసి కూర్చుంటుంది.

ఇంటికొచ్చి మోటారు స్టార్టరు కోసం కొన్న మల్టీమీటరు తీశాను. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.5. నడుస్తుంటే 14.1. రెండూ మంచివే. చాలామంది ఇక్కడితో బ్యాటరీ బాగుందని వదిలేస్తారు. ఇంకొక్క పరీక్ష ఉంది. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది గేరుబాక్సు ఇనుము మీద పెట్టి, ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించాలి. ఎర్తు బాగుంటే 0.2, మహా అయితే 0.3 చూపించాలి. నాకు 1.1 చూపించింది. మోటారు ఒక్కసారిగా ఎక్కువ ఆంపియర్లు లాగినప్పుడు తీగలో వెంట్రుకంత అడ్డున్నా ఓల్టు అక్కడే తినేస్తుంది. ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే దొరకదు.

ఆటోనగర్లో ఒక ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు పట్టీ విప్పించాను. పైకి బాగానే ఉంది, బోల్టు కింద పచ్చగా తెల్లగా పొడి, లోపల తీగలు సగం తెగి ఉన్నాయి. మన సముద్రపు గాలి సంగతి తెలిసిందే, గేటు మడతబందులే రెండేళ్లకి తినేస్తుంది. ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితం పెట్టి రుద్ది, కొత్త పట్టీ వేసి పైన గ్రీజు పూశాడు. పట్టీ, కూలి కలిపి 600. స్కానరు ఉన్నతను పాత కోడ్‌లు తుడిచి, క్లచ్ మళ్లీ నేర్పించడానికి 800 తీసుకున్నాడు. మళ్లీ కొలిస్తే 0.15. మూడు నెలలైంది, దీపం వెలగలేదు.

తేమా వేడీ ఎలక్ట్రికల్ భాగాల జోలికొస్తే పెద్ద కంపెనీలకీ తప్పలేదండోయ్. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డీఎస్జీ బండ్లు ప్రపంచం మొత్తం మీద 16 లక్షలు వెనక్కి పిలిచి, సింథటిక్ గేరు నూనె తీసి మినరల్ నూనె పోసింది. వేడి, తేమ ఉన్న చోట ఆ నూనె వల్ల గేరుబాక్సు కరెంటు లోపలే షార్టు అయ్యే ప్రమాదం ఉందని.

అయితే దీపం వెలిగిన ప్రతిసారీ ఎర్తే అనుకోవద్దు. దీపంతో పాటు కాలిన వాసన, ఎత్తెక్కుతుంటే ఇంజను పరుగు పెరిగి బండి వేగం పెరగకపోవడం ఉంటే క్లచ్ ప్లేటు అరిగింది. సింహాచలం ఘాట్లో బ్రేకు బదులు యాక్సిలేటరుతో బండిని ఎత్తు మీద ఆపి ఉంచేవాళ్లకి ఇది తొందరగా వస్తుంది. ఒక్క గేరులోనే గరగర అంటే లోపలి రింగులు. పంపు మాటిమాటికీ జుయ్‌మంటుంటే ప్రెషరు నిలబడట్లేదు, నిజంగా యాక్చువేటరు వైపు చూడాలి. బ్రేకు నొక్కినా గేరు పడకపోతే వెనక బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూడండి, పెడలు దగ్గరున్న చిన్న స్విచ్చి పోయినా బండి మొండికేస్తుంది. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు కొంచెం తల ఊగడం ఏఎంటీకి పుట్టుకతో ఉన్నదే, ఆ క్షణం కాలు కాస్త ఎత్తితే సరి.

ఇంకో మాట. దీపం వెలిగిందని బ్యాటరీ టెర్మినల్ పీకేసి మళ్లీ పెట్టించే మెకానిక్కులు ఉన్నారు. దీపం పోతుంది, దాంతో పాటు కోడ్ కూడా పోవచ్చు. ముందు చదివించి, కాగితం మీద రాయించుకుని, తరవాత పీకమనండి.

మా బండి 74 వేల కిలోమీటర్లు తిరిగింది. క్లచ్ ప్లేటు ఎలాగూ ఒకనాటికి మార్చాల్సిందే, దాని కోసం జీడిపిక్కల డబ్బులో కొంత పక్కన పెడుతున్నాం. ఈలోగా నెలకోసారి బానెట్ తీసి ఆ బోల్టు చూస్తున్నాను. మీటరు ఎలా పెట్టాలో మా కోడలికి కూడా చూపించాను.