మాధవరములో ఒక ట్రంకుపెట్టె

తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును చుట్టుపట్ల గ్రామములవారు మిలిటరీ మాధవరమని వ్యవహరింతురు. తరతరములుగా పట్టాలమునకు బిడ్డలనంపుచు వచ్చిన ఆ యూర, రెండవ ప్రపంచసంగ్రామమునుండి మరలివచ్చి, చాలకాలమునకు పిదప కాలధర్మమునొందిన ఒక సిపాయి పెట్టెను ఆయన మనుమడు నా ముందు తెరచెను.

"అన్నీ ఇందులోనే ఉన్నాయండి. తాతయ్య బర్మాలో పోరాడాడని మాత్రం మాకు తెలుసు."

పైనున్నది విడుదల పత్రము. చేరిన తేది, వెడలిన తేది, నడవడి ఉత్తమము. ఒక మానవుని యౌవనమును ఇంతకంటె పొదుపుగా చెప్పుట ఏ గుమాస్తాకును సాధ్యము కాదు. దాని క్రింద ఆరు కోణముల బర్మా నక్షత్రము. నడుమ ఎరుపును, ఇరువంకల నీలమును, ఆ నీలములో నారింజ చారయు గల పట్టీ వెలిసియు వెలియకున్నది. నక్షత్రముపై పేరు లేదు. అదియుగాక, నియతకాలమున వంగ, అస్సాము సీమలలో పనిచేసినవారికిని ఆ పతకము లభించెను గనుక, దానిని చూచినంతనే ఆయన ఐరావతి దాటెనని తలచుట తొందరపాటగును.

ఉత్తరములు విప్పితిమి. తావు శత్రువునకు తెలియకుండుటకై యుద్ధరంగపు తపాలాముద్రలలో ఊరిపేరు లేక సంఖ్య మాత్రమే యుండును. సెన్సారువారి ముద్ర వేరొకటి. లోపల ఎడ్ల క్షేమము, ఊడ్పులు, తమ్ముని చదువు. తానున్న చోటును గూర్చి వానలు మెండని తప్ప వేరొక మాట లేదు. భార్యకు వ్రాసిన జాబును అపరిచితుడొకడు ముందుగా చదువునని యెరిగిన భర్త మాత్రమేమి వ్రాయును!

పెట్టె యడుగున జపాను నోట్లుండెను. ఆక్రమిత దేశములకై జపాను ప్రభుత్వము అచ్చొత్తించిన యీ నోట్లపై దేశమునకొక ఆంగ్లాక్షరముండును. బర్మా రూపాయలకు ‘బి’, మలయా డాలర్లకు ‘ఎం’. యుద్ధానంతరమున చెల్లని కాగితములైనందున సైనికులు వీనిని జ్ఞాపికలుగా తెచ్చుకొనిరి. ఇచ్చటి రూపాయలన్నియు ‘బి’ వరుసవే. వాని నడుమ అరటిచెట్టు బొమ్మతో ఒక పది డాలర్ల నోటు, దానిపై ‘ఎం’!

నోటు చేతులు మారునది. పేకాటలో గెలిచినదైనను కావచ్చును. అందుచే ఉత్తరములను మరల తిరుగవేసితిమి. 1945 అక్టోబరు నాటి జాబులో స్టీమరు దిగితిమనియు, ఎటు చూచినను రబ్బరు తోటలేననియు కలదు. తపాలాముద్రలోని సంఖ్యయు మారినది. జపాను లొంగిన పిమ్మట, సెప్టెంబరు 9న మన సేనలు మలయా పడమటితీరమున దిగిన సంగతి విదితమే. తపాలాముద్రలు సేకరించువారి జాబితాలలో ఆ సంఖ్యను వెదకినగాని నిశ్చయింపరాదు. అయినను నా మనస్సు మలయావైపే మొగ్గెను. ఆ మాటయే చెప్పితిని.

"మలయా కూడానా! పోయేదాకా బర్మా అనే చెప్పాడండి," అని అతడు లోపలికి తిరిగి కేకవేసెను. "అమ్మా! తాతయ్య మలయా వెళ్లినట్టు మామ్మెప్పుడైనా చెప్పిందా?"