పెద్దర్ రోడ్ గుట్ట

మా వర్లీ చాల్‌లో నల్లా తెల్లవారుజామున నాలుగింటికి వస్తుంది. ఆ వేళకు మా అంతస్తులో మెలకువగా ఉండేది ఇద్దరమే. నీళ్ళు పట్టే మా ఆవిడ, బూట్ల తాళ్ళు కట్టుకునే నేను. "ఆ ఉరుకుడేదో బిందె పట్టుకొని ఉరుకరాదూ, రెండు పనులూ అయితయి" అని షోలాపూర్ ఆడపడుచైన మా ఆవిడ ఎన్నేళ్ళుగానో అంటూనే ఉంది. ఆమె మాట నిజమే. ఇంటికి చుక్క నీరు తేని పరుగు అది.

నేనేమీ చిన్నప్పటి నుంచి ఆటగాణ్ణి కాను. తపాలా శాఖలో గుమాస్తాను, కుర్చీ ఉద్యోగం. 2018లో చక్కెర వ్యాధి బయటపడింది. డాక్టరుగారు మందు రాసి, రోజూ నడవమన్నారు. వర్లీ సముద్రపు ఒడ్డున నడక మొదలుపెట్టాను. అక్కడ నాకంటే పెద్దవాళ్ళు నన్ను దాటి పరుగెత్తుతుంటే పౌరుషం వచ్చి ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా పరుగెత్తాను. ఆయాసంతో గట్టు మీద కూలబడ్డాను. మర్నాడు రెండు స్తంభాలు. అలా పెరిగి పెరిగి 42 కిలోమీటర్ల 195 మీటర్లకు వచ్చింది పిచ్చి.

ముంబై మారథాన్ 2004లో మొదలైంది. ఏటా జనవరిలో ఒక ఆదివారం జరుగుతుంది. కరోనా కారణంగా 2021, 2022లలో జరగలేదు. ఆ విరామం తరువాత 2023 జనవరి 15న జరిగినదానికి నేను పేరిచ్చాను. ఆ రోజే సంక్రాంతి కూడా.

ఆర్నెల్ల ముందు నుంచి ఇంట్లో అందరి బతుకూ నా పరుగు చుట్టూ తిరిగింది. వారంలో మూడు రోజులు చిన్న పరుగులు, ఆదివారం ఒక పెద్ద పరుగు. పదిహేను కిలోమీటర్లు, ఇరవై, చివరికి ముప్ఫై. శనివారం రాత్రి పెళ్ళి భోజనాలు బంద్. కొత్త బూట్లు పోటీ రోజున తొడగకూడదని అనుభవజ్ఞులు చెబితే రెండు నెలల ముందే కొని, అరిగేదాకా తొడిగాను. నాలాంటి చక్కెర రోగి డాక్టరును అడగకుండా ఇందులోకి దిగనే కూడదు. నడుముకు కట్టుకున్న సంచిలో గ్లూకోజ్ పొట్లం లేనిదే నేను గడప దాటలేదు. దాహమేసింది కదా అని ఒట్టి నీళ్ళే కడవలు కడవలు తాగడమూ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఇవన్నీ యాభై దాటాక నేర్చుకున్న చదువులు.

ఇంట్లో ఈ వ్యవహారం బొత్తిగా మింగుడుపడనిది మా బాపుకు. ఆయనకు 83 ఏళ్ళు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి 1958లో బొంబాయి వచ్చి, ఒక బట్టల మిల్లులో సాంచాల మీద ఇరవై నాలుగేళ్ళు పనిచేశాడు. ఆ సాంచాల మోతకు చెవులు పోయాయి. ఏదైనా చెప్పాలంటే భుజం తట్టి, ఎదుట కూర్చుని, గట్టిగా చెప్పాలి.

"గెలిస్తె ఎంతిస్తరు?" అన్నాడు ఒకసారి.

"నాకేం ఇయ్యరు బాపూ. మనమే కట్టాలె."

"పైసలు కట్టి ఉరుకుడా?" అని నా వంక కాసేపు చూసి, అటు తిరిగి పడుకున్నాడు.

ముందురోజు రాత్రి బనీనుకు నంబరు కాగితం పిన్నీసులతో గుచ్చుకుంటున్నాను. పోటీ ఎటునుంచి ఎటు పోతుందని అడిగాడు. వీటీ స్టేషన్ నుంచి మెరీన్ డ్రైవ్, చౌపాటీ, పెద్దర్ రోడ్, హాజీ అలీ, మన వర్లీ, సముద్రం మీది వంతెన, బాంద్రా, అక్కడ తిరిగి మాహిం, సిద్ధివినాయక్, మళ్ళీ వర్లీ, మళ్ళీ పెద్దర్ రోడ్ అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు:

"హాజీ అలీ దిక్కు నుంచి ఎక్కేటప్పుడు పైలం. ఆ గుట్ట మోసం జేస్తది. కిందికెల్లి చూస్తె గుట్ట లెక్క కొట్టదు. ఆడ ఉరకకు, నడువు."

ఆయనకెలా తెలుసన్నాను. అప్పుడు చెప్పాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైన సంగతి పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. రెండు లక్షలకు పైగా కార్మికులు బయటికి వచ్చారు. ఏడాది దాటినా తెగలేదు, ఎందరికో మళ్ళీ పని దొరకలేదు. నాకప్పుడు పదమూడేళ్ళు. బాపుకు చౌపాటీ వైపు ఒక దుకాణంలో లెక్కలు రాసే పని దొరికిందనీ, రోజూ బస్సులో పోతాడనీ మాకు చెప్పారు. నిజానికి అది గోదాములో మూటలు మోసే పనట. ఆరేడు కిలోమీటర్లు నడిచి పోయి, నడిచి వచ్చేవాడట. ఆ బస్సు పైసలే నా బడి ఫీజట. రెండేళ్ళు.

"అవ్వకు తెల్సా?" అన్నాను. మీలో కోస్తా వైపువారికి, యానాం వారికి ఒక మాట చెప్పాలి. మా దిక్కున అవ్వ అంటే నాయనమ్మ కాదు, అమ్మే.

"చెప్పులు అరుగుడు చూసి కనిపెట్టింది" అన్నాడు.

నలభై ఏళ్ళు నాకు చెప్పని సంగతి, గుట్ట దగ్గర నా మోకాళ్ళు జాగ్రత్త అని చెప్పడానికి బయటపెట్టాడు.

ఇంకా చీకటి ఉండగానే వీటీ ముందు నిలబడ్డాం. ఇప్పుడు దాని పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, మా నోటికి మాత్రం వీటీయే. నా వెనక ఒక గుజరాతీ పెద్దావిడ చీర పైకి దోపి బూట్లతో నిలబడింది. ఆవిడకు అది ఎన్నోసారో గానీ నా వణుకు చూసి నవ్వింది. ఎన్నో ఏళ్ళుగా లోకల్ బండి దిగి తల దించుకుని ఆఫీసుకు పోయిన ఊరు ఇది. కార్లు లేని రోడ్డు మధ్యన తల ఎత్తి చూస్తే, ఇన్ని శిల్పాలు గోడల మీద ఉన్నాయని ఆ రోజే తెలిసింది. ఈ నగరం కట్టడానికి రాళ్ళు మోసిన మన కామాఠీల పేరు కామాఠీపురాకు మిగిలిందని విన్నప్పుడల్లా, వాళ్ళు ఇంకెన్ని గోడల్లో ఉన్నారో అనుకుంటాను.

మెరీన్ డ్రైవ్ దీపాలు, పక్కన నల్లటి సముద్రం. మొదటిసారి పెద్దర్ రోడ్ ఎక్కేటప్పుడు ఒళ్ళు తేలిగ్గా ఉంది, అది గుట్టలా అనిపించనే లేదు. వంతెన మీదికి వచ్చేసరికి తెల్లవారింది. 2009లో తెరిచిన ఆ బాంద్రా-వర్లీ వంతెన ఐదున్నర కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. మామూలు రోజుల్లో స్కూటర్లనే రానివ్వరు, ఇక కాలినడక మాటెక్కడిది! కింద కోలీల పడవలు, వెనక్కి చూస్తే పొగగొట్టాలు పోయి మేడలు లేచిన వర్లీ. బాపు మిల్లు ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. దాన్ని పోల్చుకుందామని చూశాను గానీ ఏదో తెలియలేదు, అన్నీ ఒకలాగే ఉన్నాయి.

మాహింలో జనం రోడ్డుకు రెండు వైపులా నిలబడి నారింజ తొనలు, ఉప్పు, బిస్కెట్లు చేతుల్లో పెట్టారు. ఒక పిల్ల "తిళ్‌గూళ్ ఘ్యా" అంటూ నువ్వుల ఉండ ఇచ్చింది. పండగ పూట మహారాష్ట్రలో నువ్వుల బెల్లం ఇచ్చి, తీయగా మాట్లాడుకుందాం అంటారు. చక్కెర రోగికి ఆ రోజు అదీ మందే!

వర్లీలో రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో బాపు కూర్చుని ఉన్నాడు. కరోనా వచ్చినప్పటి నుంచి ఆస్పత్రికి తప్ప మెట్లు దిగని మనిషి. పక్కన అవ్వ, నిమ్మకాయ ఉప్పు నీళ్ళ సీసాతో. చుట్టూ డోళ్ళు మోగుతున్నాయి, ఆయనకవేవీ వినబడవు. భుజం తట్టాను.

"బండ్లన్నీ బందేనా?" అన్నాడు రోడ్డు చూస్తూ.

"బందే బాపూ. కాలినడక వాళ్ళకే ఇయ్యాల."

"మోర్చాల నాడు ఇట్లనే ఉండె" అని, చేత్తో ముందుకు పొమ్మన్నాడు.

ముప్ఫై కిలోమీటర్లు దాటాక, కండరాల్లో కాలేయంలో దాచుకున్న చక్కెర అడుగంటుతుంది. పరుగువాళ్ళు దీన్నే గోడ తగిలింది అంటారు. నాకది హాజీ అలీ దగ్గర తగిలింది. ఎండ ఎక్కింది, పిక్కలు రాళ్ళయ్యాయి. ఎదురుగా పెద్దర్ రోడ్. నిజమే, కిందినుంచి చూస్తే గుట్టలా కనబడదు. చుట్టూ కొందరు పళ్ళు బిగించి పరుగెత్తుతున్నారు. నేను నడిచాను. మూటలు మోసే పని ఇంకా ముందున్న మనిషి ఎట్లా నడుస్తాడో అట్లా, చిన్న అడుగులతో, తల వంచుకుని. పైన ఒక మేడలోంచి ఎవరో పైపుతో మా మీద నీళ్ళు చల్లారు. గుట్ట ముగిసినచోట చౌపాటీ వైపు దిగే దారి చూసి ఏడుపొచ్చింది. చెమటలో కలిసిపోయింది కనుక ఎవరికీ తెలియలేదు.

ఆ ఏడు గెలిచిన ఇథియోపియా వీరుడు హేలే లెమీకి పట్టినది 2 గంటల 7 నిమిషాల 32 సెకన్లు. నాకు 6 గంటల 22 నిమిషాలు. మెరీన్ డ్రైవ్ మీద చివరి మైళ్ళ గురించి రాయడానికేమీ లేదు, అంతా నొప్పే.

ఇంటికి మూడంతస్తులు ఎక్కడం అసలు పోటీ కంటే కష్టమయింది. బాపు పతకాన్ని వేళ్ళతో తడిమి, "ఇత్తడేనా?" అన్నాడు. ఏమో అన్నాను.

"గుట్ట కాడ నడిచినవా?"

"నడిచిన."

తల ఊపి, పతకం పక్కన పెట్టి, సకినాల గిన్నె నా వైపు జరిపాడు.